సుధాకర్ తోసిన ఫియట్

దేవరయాంజాల్ జనం సుధాకర్ ముఖం కన్నా వీపునే ఎక్కువ చూశారు. ఆయన వయసంతా తండ్రి ఫియట్ కారును వెనక నుంచి తోయడంతోనే గడిచింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఇంట్లో కొడుకు ఉండగా కొత్త బ్యాటరీ దండగని పెద్ద పటేలు నమ్మకం. సుధాకర్ తోస్తే కారు గుర్రుమని లేచేది. పరుగెత్తి పక్క సీట్లోకి దూకేవాడు. స్టీరింగు మాత్రం తండ్రి ఏనాడూ ముట్టనివ్వలేదు. తన లెక్క బండి నడిపేవాడు షామీర్‌పేట దాకా లేడని, కొడుకు వల్ల కాదని పెద్దాయన నలుగురిలో అనేవాడు.

ఆ మాట సుధాకర్‌లో ఎంత లోతుకు దిగిందంటే, నాయిన పోయాక కూడా తాళంచెవి తీయలేదు. మేడ్చల్‌కు స్కూటరు మీదే తిరిగాడు. కారు కొట్టంలో తుప్పు పట్టింది. వెనక సీటు తల్లి లక్ష్మీకాంతమ్మ కోళ్లదయింది.

రెండువేల మూడులో కొట్టం ఉన్న చెలక ప్లాట్లకు పోయింది. అమ్మింది సుధాకరే. ఆ వైపు అప్పుడు జొన్న కోసిన మర్నాడే హద్దురాళ్లు మొలిచేవి. ఇక కొట్టం కూల్చాలి. కారును తుక్కు కొనే వసీమ్‌కు ఇవ్వాలా, బాగు చేయించాలా? బాగు చేయిస్తే నడపాలి. నడిపితే నాయిన అన్నది ఊరందరి ముందు నిజమవుతుందేమోనని ఆయన భయం.

వసీమ్ తన ట్రాలీ వ్యాను తెచ్చి బయట నిలబెట్టి బీడీ ముట్టించాడు. ఆఖరికి ఒక మాట అడుగుదామని సుధాకర్ మేడ్చల్ నుంచి, కార్ల సొట్టలు తీసే డెంటర్ మన్నాన్‌ను పిలిపించాడు. మన్నాన్ కోళ్లను అదిలించి, జేబులోంచి అయస్కాంతం తీశాడు. అసలు రేకైతే అది అంటుకుంటుంది. సొట్టలు కనబడకుండా లప్పం పూసి పైన రంగు కొట్టిన చోట జారిపోతుంది. డిక్కీ మీద పెడితే గట్టిగా కరుచుకుంది. టాపు, వెనక తలుపులు కూడా అంతే, తుప్పు పైపైనే ఉంది. బానెట్ దగ్గరికి వచ్చేసరికి అయస్కాంతం జారి పేడలో పడింది. తుడిచి ఎడమ మడ్‌గార్డు మీద పెడితే మళ్లీ పడింది. కుడివైపూ అదే తంతు. మన్నాన్ గోటితో గీకాడు. పొర కింద ఇంకో పొర.

"ఎన్క మంచిగున్నది పటేలా. ముందటంతా లప్పమే. గీ బండి ఎవరు నడిపిండ్రు?"

"మా నాయిన."

"మస్తు గుద్దిండు."

సుధాకర్ తల్లి వైపు తిరిగాడు. గుడ్లు ఏరుకోవడానికి వచ్చిన లక్ష్మీకాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. ఆయన గుద్దినవన్నీ వరసగా చెప్పింది: కండ్లకోయ మలుపులో మైలురాయి, ఓసారి ఎవరిదో ఎడ్లబండి, ఇంకోసారి సొంత గేటు. ప్రతిసారీ సర్వీసింగని చెప్పి కారును సికింద్రాబాద్‌లో వదిలి బస్సులో వచ్చేవాడట. ఎవరికీ చెప్పనని ఆమెతో ఒట్టు వేయించుకున్నాడు.

"నీకు స్టీరింగు ఎందుకియ్యలే అనుకున్నవ్? నువ్వు మంచిగ నడిపితె ఆయిన ఇజ్జత్ పోతదని," అంది.

సుధాకర్ డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత తుడుచుకుని, కారును తీసుకుపొమ్మని మన్నాన్‌కు చెప్పాడు. వసీమ్ అలగలేదు. పని అయ్యేదాకా, ఇంకా ఎవరూ ఇల్లు కట్టని ప్లాట్ల రోడ్ల మీద తన ట్రాలీతోనే పటేలుకు డ్రైవింగ్ నేర్పాడు. ఆ వెంచర్లన్నిటిలో అప్పటికి ఎవరికైనా పనికొచ్చింది ఆ రోడ్లొక్కటే.

మన్నాన్ ముందు భాగానికి కొత్త రేకు కొట్టి, ఇంజను విప్పి బిగించి, కొత్త బ్యాటరీ పెట్టాడు. కారు తీసుకునే రోజు మేడ్చల్‌లో మన్నాన్ షెడ్డు దగ్గర లక్ష్మీకాంతమ్మ ముందు సీట్లో ఎక్కింది. ఇల్లు పోయిందని అలిగిన కోడి ఒకటి ఆమె ఒళ్లో ఉంది. ఇంజను వినిపిద్దామని మన్నాన్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. సుధాకర్ కాళ్లు అలవాటు కొద్దీ వెనక్కి నడిచాయి. డిక్కీకి భుజం ఆనించాడు. కారు ఒక్క తిప్పుకే లేచి ముందుకు కదిలింది. ఆనిక పోయిన పటేలు దుమ్ములో బోర్లా పడ్డాడు.

లక్ష్మీకాంతమ్మ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఇగ తోసింది సాలు. ముందటికి రా బిడ్డా."

మన్నాన్ దిగాడు. సుధాకర్ దుమ్ము దులుపుకుని ఎక్కాడు. కారు రెండు కుదుపులు కుదిపి, దర్జాగా రోడ్డెక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ ఎడమ మడ్‌గార్డుతో షెడ్డు గేటును చిన్నగా ముద్దు పెట్టుకుంది.

లప్పం డబ్బాకు మూత పెట్టబోయిన మన్నాన్ ఆగి, మూత పక్కన పెట్టాడు.