లచ్చవ్వ బాయి, 1,42,857

1958 ఎండకాలంల నన్ను కరీంనగర్ భూమి సర్వే ఆఫీసుల కంప్యూటర్‌గ ఏసిండ్రు. గప్పుడు కంప్యూటరంటే మిషిను కాదు, మనిషి. కొలతల లెక్కలు సరిచూసి దస్కత్ పెట్టేటోడు. మా ఇంట్ల బడి మొఖం చూసింది నేనే మొదలు, బీయే లెక్కల్ల పాసైన. అంకె కనబడితే నాకు పండుగే!

వేములవాడ దిక్కు ఓ ఊర్ల పదెకరాల పంపకం నా బల్ల మీదికొచ్చింది. మా గొలుసు కొలతల ఎకరమంటే లక్ష చదరపు లింకులు. పది లక్షలను ఏడు పాళ్లు చేస్తే పాలుకు 1,42,857, ఒక్క లింకు మిగులుతది. పెద్దన్న రాజయ్యకు, పాలోళ్ల దగ్గర కొన్నయి కలిపి, 5,71,428. తమ్ముడు మల్లయ్య పేరు మీద 2,85,714. ఇంకో తమ్ముడు సచ్చిపోయిండు. ఆయన పెండ్లాం లచ్చవ్వ పేరు మీద 1,42,857.

ఎగిరి గంతేసిన. మూడిట్ల అవే ఆరంకెలు, ఒకదాని ఎంట ఒకటి తిరుగుతున్నయ్! మూడింతలు చేసిన, ఐదింతలు, ఆరింతలు చేసిన. అవే. ఏడింతలు చేస్తే అన్ని మాయం, వట్టి తొమ్మిదులు. ఉరికి మా సూపర్‌వైజర్ ఖాదర్ సాబ్‌కు చూపిచ్చిన.

"జర దమ్ తీస్కో మియా," అన్నడు. "దస్కత్ పెట్టినవా లేదా?"

పెట్టబోతుంటె లచ్చవ్వ వచ్చి నిలబడ్డది. "సారూ, నావి రెండు పాళ్లు. మా ఆడిబిడ్డ తన పాలు మాకే ఇడిచిపెట్టింది, ఊరంత ఎరుకే. మీరు హద్దు గూటాలు పాతినంక నా నీళ్ల బాయి మల్లిగాని దిక్కు పడ్డది."

నా దస్కతైతే గూటాల జాగల రాళ్లు పడుతయ్. ఇగ కదలయ్.

మా ఆఫీసు రివాజు ఏందంటే, ఏ లెక్కనైనా తొమ్మిదితోటి చూడాలె, అనుమానముంటే పదకొండుతోటి. తొమ్మిదితోటి భాగించిన, మూడింటికి శేషం సున్న. పదకొండుతోటి సుత సున్ననే. లచ్చవ్వ, మల్లయ్య పాళ్లు అటిటు మార్చిన, మొత్తం కదలలే. ఆమె ఎంత పోగొట్టుకుంటదో చూద్దామని ఒకదాంట్లకెల్లి ఒకటి తీసేసిన. వచ్చింది 1,42,857. మళ్ల గదే! మిట్ట మధ్యాహ్నం, నా చేతుల మీద ఎంటికలు లేచినయ్. అంకె నన్నే చూస్తున్నట్టుండె.

పంచింది ఏడుతోటి గద అని ఏడుతోటి భాగించిన. రాజయ్యకు నాలుగు మిగిలింది, మల్లయ్యకు రెండు, లచ్చవ్వకు ఒకటి. మిగిలిందే పాళ్ల లెక్క!

పాళ్ల కాయితం రాసిన ఊరి పట్వారీని పిలిపిచ్చిన. "లచ్చవ్వయి ఎన్ని పాళ్లు?"

"రెండు సారూ."

"మరి ఈ కాయితంల ఒకటే ఉన్నదేంది?"

కాయితం తిప్పి చూసిండు. నకలు రాస్తుంటె పక్కపక్క వరుసలు తారుమారైనయట. తొమ్మిదితోటి కుదిరిందని మళ్ల చూడలేదట.

గూటాలు పీకిపిచ్చి మళ్ల కొలిపిచ్చిన. బాయి లచ్చవ్వ దిక్కు వచ్చింది. గొలుసు పట్టే పోశం అడిగిండు, "మిగిలిన ఒక్క లింకు ఎవలది సారూ?" జానెడు జాగ. ఎవలదీ కాదు. "గా జాగలనే రాయి పాతు," అన్న.

"గా రాయికి సుత పట్టా ఇస్తవా సారూ?" అని లచ్చవ్వ నవ్వింది.

తొమ్మిదితోటి కుదిరిందంటే తప్పు లేదని కాదు, తప్పు తొమ్మిదికి కనబడలేదని. దేనితోటి పంచినమో ముందుగాల దానితోటే చూడాలె. రిటైరయ్యేదాక నేను గట్లనే చూసిన.