చిక్కుపోగుల గడప

సాంచాలు ఆగిపోయిన ఆ ఎండాకాలం నా చేతులు నన్ను బతకనివ్వలేదు. మరమగ్గాల చప్పుడు లేకపోతే, మేం బతుకుదెరువుకు వలస వచ్చిన జోల్వాలో చెవులు గింగురుమంటాయని అప్పుడే తెలిసింది. లాక్‌డౌన్‌లో మావాళ్లు చాలామంది దొరికిన బండి పట్టుకుని ఊళ్లకు పోయారు. అమ్మకు ఉబ్బసం. ఆమెతో అంత దూరం పోలేక మేమిద్దరం ఉండిపోయాం.

నా భయమల్లా వెనక గది తలుపు. మా ఇల్లు నల్లరేగడి మీద ఉంది. ఎండకు బీటలు వారే ఆ మట్టి వాన పడితే ఉబ్బి గడపను పైకి ఎత్తుతుంది. ఏటా వానాకాలం తలుపు బిగుసుకుపోతుంది. జ్వరం వస్తే అమ్మను ఆ గదిలోనే విడిగా ఉంచాలి. ఊపిరాడక పిలిచినప్పుడు తలుపు తెరుచుకోకపోతే? ఆ ఆలోచనతో కూర్చుంటే లేచేవాణ్ణి, లేస్తే కూర్చునేవాణ్ణి.

చివరికి గడప ఊడదీసి కింది మట్టి తవ్వాను. మట్టిలో పీచు కలిపితే ఉబ్బడం, పగలడం తగ్గుతాయని ఫోన్‌లో చూశాను. పాత గోనెసంచులు విప్పి, పోగులు వేలెడు ముక్కలు చేసి, వెల్లవేయగా మిగిలిన సున్నం మట్టిలో కలిపి, ఆ ముక్కలను మట్టి పొరల మధ్య పరిచాను. నేతవాణ్ణి కదా, ప్రతి పోగునూ తిన్నగా పక్కపక్కనే పేర్చాను. చూడముచ్చటగా ఉంది. రెండు ఎండలు తగిలేసరికి మట్టి ఆ పోగుల వెంటే పగిలింది.

అమ్మ మంచం మీద నుంచి చూసి నవ్వింది.

"ఏందిరా, గిది సాంచ అనుకున్నవా? మట్టి అన్ని దిక్కులా గుంజుతది. పోగు గూడ అన్ని దిక్కులా ఉండాలె గద."

మళ్లీ తవ్వాను. ఈసారి చిక్కుచిక్కుగా కలపాలి. చిన్నప్పటి నుంచి చిక్కు కనబడితే విప్పిన చేతులు ఇవి. పీచు చల్లగానే వేళ్లు సరిచేయబోయేవి. నా మీద నాకే చిరాకు. కళ్లు మూసుకుని కలిపాను, తొక్కాను, దిమ్మిసతో కొట్టాను. గడప బిగించాను.

వానలు వచ్చాయి. జ్వరమూ వచ్చింది, అమ్మకు కాదు, నాకు. ఆ గదిలో నేనే పడుకున్నాను. బయట కుండపోత. పడుకున్నట్టే పడుకుని లేచి తలుపు తీసి చూసేవాణ్ణి. అడుగున కాస్త గీసుకునేది, కానీ తెరుచుకునేది. ఒకసారి తీసేసరికి అమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని గంజి గిన్నె నేల మీద పెడుతోంది.

"తెరుచుకుంటది, చూసినవ్ గద. ఇగ తలుపేసుకొని పండుకో కొడుకా. నేను ఈడనే కూసుంట."

గంజి తాగి తలుపు వేసుకున్నాను. అవతల ఆమె ఆయాసం వినబడుతూనే ఉంది. నాకు భయం వేసింది, ధైర్యమూ వచ్చింది. ఆ రోజు మళ్లీ తలుపు తీసి చూడలేదు.