బుడ్డి చింత మీద గంప

గదినిండా కుంపటి బొగ్గుల వాసన. చలికని కిటికీలన్నీ బిగించి, పాపకు రెండు శాలువాలు చుట్టి పడుకోబెట్టాను. మెడ తడిమితే చెమట. ఆ వాసనకి, ఆ చెమటకి నాకు నరసమ్మత్త గుర్తుకొచ్చింది.

నేను కాలేజీలో చదివే రోజుల్లో ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ళుండే అహ్లోన్‌లో, నది ఒడ్డు బియ్యం మిల్లుల వెనకవీధిలో మా పక్కవాటా ఆవిడది. భర్త మిల్లులో మేస్త్రీ. వీధిలో ఫోటోలు తీసే జపాను ఆయన దగ్గర చెట్లను పొట్టిగా పెంచడం నేర్చుకుని, ట్వంటే ఊరి కుమ్మరులు చేసిన మట్టిపళ్ళెంలో ఒక చింతమొక్కను వేళ్ళు కత్తిరిస్తూ, కొమ్మలు వంచుతూ జానెడు చెట్టుగా పెంచాడట. ఆయన పోయాక, పిల్లల్లేని అత్తకు మిగిలింది ఆ బుడ్డి చింతే. ఎవరి బిడ్డ ఏడ్చినా వెళ్ళి, కంగారుపడే తల్లిని కసిరి వచ్చే మనిషి, ఆ చెట్టు దగ్గర మాత్రం తనే కంగారుపడిపోయేది.

ఒక ఏడు పుష్యమాసంలో ఎన్నడూ లేని చలి పడింది. పొద్దెక్కినా నది మీద మంచు విడిచేది కాదు. చింతాకు రాలడం మొదలైంది. అత్త చెట్టును లోపలికి తెచ్చి, అచ్చం బాలింతను చూసుకున్నట్టే చూసుకుంది. కిటికీలు మూసి, పక్కన కుంపటి పెట్టి, పసుపు కలిపిన గోరువెచ్చని నీళ్ళు పోసి, పళ్ళేనికి మేస్త్రీగారి శాలువా చుట్టింది.

"ఏటత్తా, సెట్టుక్కూడా పురుడు పోసావేటి?" అని నవ్వాను.

"నవ్వు, నవ్వు. రేపు నీకు బిడ్డ పుడితే కుంపటెట్టేది నానే. అప్పుడు నీ నవ్వు సూస్తాను."

వారం తిరక్కముందే చాపంతా ఆకులు. ఆ ఉదయం నేను వెళ్ళేసరికి అత్త తల పట్టుకుని కూర్చుంది. కళ్ళు ఎర్రబడ్డాయి. నేను కిటికీ తెరిచాను. వద్దనబోయి, చల్లగాలి మొహానికి తగలగానే ఆగిపోయింది. కాసేపటికి లేచి గోటితో కొమ్మ గీరింది. లోపల పచ్చగానే ఉంది.

"బతికే ఉన్నాదే! ఇంత మనిషిని, నాకే ఊపిరాడలేదు. దీనికెలాగుంటాది? సలి కాదమ్మా, నా బయమే దీన్ని ఎండగట్టేసినాది."

పళ్ళెం వరండాలో పెట్టి, కోళ్ళను మూసే వెదురుగంప దాని మీద బోర్లించింది. "గాలి ఆడాల. గాలి కొట్టకూడదు. అంతే," అంది. ఆ తర్వాత గడప దాటి వచ్చినప్పుడల్లా చెయ్యి గంప మీదికి పోయేది. నేను చూస్తే, "ముట్టుకోనులేవే!" అని వెనక్కి తీసుకునేది.

ఎండలు ముదిరేసరికి లేతచిగుళ్ళు వేసింది. "పప్పులో ఏసుకుందామా అత్తా?" అంటే గరిటె పట్టుకుని నా వెంటపడింది.

తరవాత తమ్ముడి దగ్గర ఉండటానికి విశాఖపట్నం ఓడెక్కుతూ చెట్టును నా చేతిలో పెట్టింది. "గంప మర్సిపోకు," అంది.

నా బిడ్డకు కుంపటి పెడతానన్న మనిషి ఇక్కడ లేదు. నేనే పెట్టుకున్న కుంపటిని ఇప్పుడే వరండాలోకి తీసేశాను. ఒక శాలువా విప్పి, పాపకు ఎదురుగాలి తగలని వైపు కిటికీ తెరిచాను. బయట గంప కింద చెట్టుంది. పాప నిద్రపోతోంది. భయం పోలేదు, ఈ నాలుగు ముక్కలు రాసేలోపే ఎన్నిసార్లు లేచానో. మళ్ళీ లేస్తాను, చూస్తాను. కిటికీ మాత్రం మూయను.