అర్పణ బల్ల మీద గోళీలు

మన గుండె ఎప్పుడు వేగంగా కొట్టుకోవాలో, ఎప్పుడు నెమ్మదించాలో మనల్ని అడగకుండానే నడిపిస్తున్న దేవునికి స్తోత్రం. వేళ్లలో, ఆకుల్లో గుణం పెట్టినవాడు ఆయనే. ఆ గుణం ఎంతవరకు మేలు చేస్తుందో, ఎక్కడి నుంచి కీడవుతుందో తెలుసుకునే బుద్ధి మనిషికి ఇచ్చినవాడూ ఆయనే. మా ఇంటి మీద ఆయన చూపిన కృపను దాచుకుంటే నా నోటికి న్యాయం కాదు. అందుకే రాస్తున్నాను.

నేను జహీరాబాద్‌లో ఒక దవాఖానలో నర్సును. నర్సింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్ పిల్లలందరినీ ఏడిపించిన సబ్జెక్టు ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం. నాకు మాత్రం అది అంత కష్టమనిపించలేదు. సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చేసిన అలవాటుంది కదా, మందుల పేర్లూ అలాగే వల్లె వేసేదాన్ని. అందులో నాకు బాగా నచ్చిన పాఠం, మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాల గురించి. కుక్క తరిమితే గుండె దడదడలాడేలా చేసే నరాలు కొన్ని. తిని కూర్చుంటే గుండెను నెమ్మదింపజేసి కడుపుకు పని చెప్పే నరాలు కొన్ని. ఈ రెండింటి మీద పనిచేసే మందులు ఎన్నో ఉన్నాయి. వాటిలో బీటా బ్లాకర్లు ఒక రకం.

మా మేడం చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. గుండెకు చెవులున్నాయనుకోండి, అని మొదలుపెట్టింది. ఒంట్లో అడ్రినలిన్ కేక వేసినప్పుడల్లా ఆ చెవులు విని గుండె పరుగెడుతుంది. బీటా బ్లాకరు ఆ చెవుల్లో దూది పెడుతుంది. గుండెకు విశ్రాంతి దొరుకుతుంది. అయితే చాలాకాలం దూది పెట్టి ఉంచితే, గుండె వినడం కోసం ఇంకొన్ని చెవులు మొలిపించుకుంటుంది. అప్పుడు ఒక్కసారిగా దూది తీసేస్తే, మామూలు పిలుపు కూడా దానికి పెద్ద అరుపులా వినిపిస్తుంది. పరుగు, దడ, నొప్పి, ఒక్కోసారి ప్రాణం పోవడం కూడా. కాబట్టి ఈ గోళీని, అంటే మాత్రను, ఎవరూ సొంతంగా, హఠాత్తుగా ఆపకూడదు. ఆపాల్సి వస్తే డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

ఈ పాఠం విన్న కొన్నాళ్లకే అది మా మేనమామ ప్రాణం మీదికి వచ్చింది.

మామకు కోహీర్ వైపు అల్లం చేను ఉంది. సంఘంలో ఆయన పాట ఎత్తుకుంటే చాలు, వెనక కూర్చున్న పసిపిల్లలు కూడా అల్లరి మానేవారు. అంతకుముందు ఒకసారి చేనులో నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టయింది. డాక్టరు పరీక్షలు చేసి, మెటోప్రొలాల్ అనే గోళీ రాశారు. అదీ బీటా బ్లాకరే. రోజూ మింగుతూ మామ బాగానే ఉన్నాడు.

ఆ ఏడాది శ్రమదినాలు వచ్చాయి. ఈస్టరుకు ముందు వచ్చే ఆ ఉపవాస కాలంలో మా సంఘంలో ప్రతి సాయంత్రం ఒకరింట్లో ప్రార్థన పెడతారు. ప్రతి ఇంట్లోనూ మామే పాడాలి. శుక్రవారాల్లో మందిరంలో మధ్యాహ్నం దాకా ఉపవాస ప్రార్థన. ఆ ప్రార్థన చివర మాకు ఒక ఆచారం ఉంది. ఎవరైనా ఒక చెడు అలవాటును దేవుని కోసం వదిలిపెట్టదలిస్తే, దాన్ని తెచ్చి ప్రసంగ వేదిక ముందున్న బల్ల మీద పెడతారు. తర్వాత అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, వాటన్నిటినీ మందిరం వెనక గుంటలో వేసి కాల్చేస్తారు. అలా మా సంఘంలో ఎన్నో కుటుంబాలు బాగుపడ్డాయి. ఆ ఆచారాన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను.

ఆ శుక్రవారం నేను హాస్టల్ నుంచి బస్సు దిగి నేరుగా మందిరానికి వెళ్లి ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాను. చివర్లో ఒక్కొక్కరూ లేచి వెళ్లారు. ఒకరు నమిలే తంబాకు పొట్లం పెట్టారు, ఒకరు బీడీ కట్ట, ఒక అన్న పేకముక్కలు. తర్వాత మా మామ లేచాడు. చొక్కా జేబులోంచి రెండు గోళీల స్ట్రిప్పులు తీసి తంబాకు పక్కన పెట్టాడు.

"బీపీ చూపిచ్చుకుంటే పెరిగిందన్నరు. రోజు గోళీ మింగినా పెరుగుతుంది" అని సంఘానికి సాక్ష్యం చెప్పాడు. "నాకు సమజైంది ఏందంటే, దేవుని మీదికన్న గోళీ మీద నాకు నమ్మకం ఎక్కువైంది. గందుకే ఆయన దాన్ని పనిచెయ్యనిస్తలేడు. ఇగ నాకు ఆయన ఒక్కడే చాలు."

మందిరమంతా హల్లెలూయ అంది. మా అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఆ వెండి రంగు స్ట్రిప్పులు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఆమేన్ అయింది. అయ్యగారు బల్ల మీది వస్తువులన్నీ ఒక గిన్నెలోకి ఎత్తడం మొదలుపెట్టారు. నేను లేచి బల్ల దగ్గరికి వెళ్లాను.

"అయ్యగారు, గీ గోళీలు జర ఆపుండ్రి" అన్నాను.

అందరూ ఆగారు. మామ నవ్వుతూ వచ్చాడు. "ఏం బిడ్డా, నీ నర్సు చదువు బస్సులనే పెట్టి రావొద్దా?"

"ఎప్పటి సంది మింగుతలేవు మామా?"

"బుధారం సంది. ఏమైంది? బతికే ఉన్న గద నీ ముంగట."

అత్త నా చెయ్యి పట్టుకుంది. "ప్రార్థన చేసి చేసి ఇచ్చిండు బిడ్డా. దేవునికి ఇచ్చింది మల్లా తీసుకుంటరా ఎవరన్న? పాపం తగులుతది."

వెనక నుంచి ఒక పెద్దమ్మ, "హాస్టలుకు పోయినంక పిల్లకు ఉపవాసం బరువైనట్టుంది" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

కానీ నేను చదివిన పాఠం నా ముందు నిలబడి ఉంది. "తంబాకు మనం తెచ్చుకున్న రోగం మామా, దాన్ని కాలవెడితే మంచిదే. గీ గోళీ నీ గుండెకు దేవుడు పంపిన సాయం. రెండిటిని తీస్కవోయి ఒక్క బల్ల మీద పెడ్తివి." ఇలా అంటూనే ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూశాను. కుట్టుమిషను సూదిలా పరుగెడుతోంది. మధ్యలో తప్పి మళ్లీ అందుకుంటోంది. నుదుటి మీద చెమట. అప్పుడే గమనించాను, ఆయన రెండో చెయ్యి ఛాతీ మీదనే ఉంది.

"నొప్పి ఉందా మామా?"

"పొద్దటి సంది జర పట్టేసినట్టుంది. ఉపవాసం గద, కడుపుల ఏం లేక."

నేను అయ్యగారి వైపు తిరిగాను. చిన్నప్పుడు నాకు వాక్యం నేర్పింది ఆయనే. "అయ్యగారు, పూర్వం ఒక రాజుకు పుండు లేసి చావుబతుకుల మీద ఉంటే, నువ్వు బాగైతవని దేవుడే ఒక ప్రవక్తతోని మాటిచ్చిండని మీరే చెప్పిన్రు. మాట ఇచ్చినంక కూడ ఆ ప్రవక్త అత్తిపండ్ల ముద్ద తెచ్చి పుండు మీద పెట్టమన్నడు. ఎందుకన్నడు?"

అయ్యగారు చేతిలోని గిన్నెను బల్ల మీద దించారు. అందులోంచి స్ట్రిప్పులు తీశారు. వాటికి అంటిన తంబాకు పొడిని తన కండువాతో తుడిచి, నా చేతిలో పెట్టారు.

"ప్రార్థన ఆటోల చేసుకుందాం. నడువుండ్రి."

ఆటోలో మామకు నొప్పి పెరిగింది. హైవే మీద చెరకు ట్రాక్టర్లు అడ్డం. అత్త ఒకవైపు, నేను ఒకవైపు ఆయనను పట్టుకున్నాం. డ్రైవరు పక్కన కూర్చున్న అయ్యగారు గట్టిగా ప్రార్థిస్తూనే ఎదురొచ్చే వాళ్లకు చెయ్యి ఊపి దారి అడిగారు. నేను ప్రభువా, ప్రభువా అనడం తప్ప మరో మాట అనలేకపోయాను.

దవాఖానలో డాక్టరమ్మ ఈసీజీ తీసింది, రక్తం పరీక్షకు పంపింది, గోళీ ఆపిన సంగతి వినగానే తలూపింది. వైద్యం మొదలుపెట్టి, నొప్పి తగ్గాక మామ పాదాలను వేలితో నొక్కి చూసింది. గుంట పడింది. రక్తంలో పొటాషియం బాగా తక్కువగా ఉందని రిపోర్టు వచ్చింది.

"గోళీ ఆపినందుకు నొప్పి వచ్చింది, సరే" అంది ఆమె. "కానీ గోళీ మింగుతున్నప్పుడే బీపీ ఎందుకు పెరిగింది? కాళ్ల వాపెందుకు? ఇంకేమన్న వాడుతున్నరా? పొడులు, కషాయాలు?"

"ఏం లేదమ్మా. గా గోళీ తప్ప నేను వేరే మందులు మింగేటోన్నే కాదు" అన్నాడు మామ.

"కషాయం తాగుతడు గద రోజు మూడుపూటల" అంది అత్త. "గదేం మందు కాదు డాక్టరమ్మా, గొంతుకు."

"దేని కషాయం?"

అత్త, మామ జేబులో చెయ్యి పెట్టి నమిలిన అతిమధురం కట్టె ఒకటి తీసింది. ఇంకో జేబులోంచి ఇంకొకటి తీసింది. మంచం మీద కొత్త కట్టెలు, నమిలినవి కలిసి చిన్న కుప్ప అయ్యాయి. శ్రమదినాలు మొదలైనప్పటి నుంచి గొంతు పోకుండా ఆయన కషాయం కాక పగలంతా దాన్ని నములుతూనే ఉన్నాడట. పాట బాగా వస్తోందని సంఘంలో మెచ్చుకున్న కొద్దీ ఇంకా ఎక్కువ నమిలాడట.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేదు. "అన్నా, ఇది ఎప్పుడో ఒకసారి కొంచెం చప్పరిస్తే వేరే సంగతి. మీ అసొంటి గుండె ఉన్నోళ్లు గిట్ల రోజు నములుతే ఒంట్ల ఉప్పు, నీళ్లు నిలుస్తయి. బీపీ పెరుగుతది, కాళ్లు వాస్తయి, పొటాషియం పడిపోయి గుండె తప్పు కొట్టుకుంటది. మీ గోళీ బీపీని కిందికి గుంజుతుంటే, ఈ కట్టె మీదికి గుంజింది."

మామ కుప్పలోంచి ఒక కట్టె తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు. "అంటే గోళీని దేవుడు ఆపలేదా బిడ్డా?"

"లేదు మామా. నీ జేబు ఆపింది."

ఆయన నవ్వాడు. ఆ నవ్వులోనే కన్నీళ్లు వచ్చాయి. "మరి మొక్కుకుని ఇచ్చేసిన గద" అన్నాడు. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ అయ్యగారు లోపలికి వచ్చారు. "నువ్వు ఇచ్చినవు, ఆయన మల్లా నీ చేతికే ఇచ్చిండు. మన ఉపవాసం అన్నానికి, గోళీకి కాదు. పొద్దున లేచి స్తోత్రం చెప్పు, మింగు." మామ నీళ్లు అడిగాడు. అయ్యగారే గ్లాసు అందించారు.

కొన్ని రోజులకు పొటాషియం సరైంది, వాపు తగ్గింది, నాడి నెమ్మదించింది. ఈస్టరుకు పంపిస్తారా అని మామ డాక్టరమ్మను అడుగుతూనే ఉన్నాడు. కూర్చొని పాడితే పర్వాలేదని చివరికి ఆమె ఒప్పుకుంది.

ఈస్టరు తెల్లవారుజామున మందిరం బయటి దాకా జనం నిండారు. మామ కుర్చీలో కూర్చొని పునరుత్థానపు పాట ఎత్తుకున్నాడు. కట్టె మానేసిన గొంతు కదా, బొంగురుగానే వచ్చింది. పై స్థాయికి వెళ్లాల్సిన చోట గొంతు ఆగిపోయింది. ఆ క్షణంలో మా అత్త అందుకుంది, తర్వాత ఆడవాళ్ల వైపు, తర్వాత మగవాళ్ల వైపు. ఎప్పుడూ ఒక్క మామే పాడే ఆ చరణాన్ని ఆ రోజు సంఘమంతా పాడింది. తూర్పున చెరకు తోటల మీద వెలుగు వస్తుంటే నా ఒళ్లు పులకరించింది. చనిపోయి లేచినవాడి పండుగ రోజు మా మామ బతికి మా మధ్య కూర్చొని ఉన్నాడు.

ఆ తర్వాత అయ్యగారు ఒక నియమం పెట్టారు. బల్ల మీద మందు పెట్టాలనుకునేవాళ్లు ముందు డాక్టరును అడిగి రావాలి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను నిలబెట్టి మాట్లాడమన్నారు. ఇంట్లో ఉన్న పొడులు, డబ్బాలు, టీ పొట్లాలు అన్నీ తెమ్మన్నాను. ఆడవాళ్లు సంచులకు సంచులు తెచ్చారు. సన్నబడే టీ, మోకాళ్ల పొడి, బలం డబ్బాలు, పేరే లేని నల్ల లేహ్యం. నన్ను ఎగతాళి చేసిన పెద్దమ్మ అందరికన్నా ముందు వరుసలో కూర్చొని, "నాది ముందు చూడు బిడ్డా, తర్వాత మోకాళ్లు నొస్తయి" అంది. చెట్టు నుంచి వచ్చిందంటే చాలు మంచిదే అనుకోవద్దని, డాక్టరు ఇచ్చే మందుతో అది ఒంట్లో కలిసినప్పుడు ఏమవుతుందో అడిగి తెలుసుకోవాలని చెప్పాను. ఎవరి సంచి వాళ్లు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి చూపించుకున్నారు.

ఫార్మకాలజీ పరీక్ష దేవుని దయ వల్ల మంచి మార్కులతో పాసయ్యాను. ఇప్పుడు వార్డులో కొత్తగా చేరిన ఎవరినైనా ఏం మందులు వాడుతున్నారని అడిగి వదిలిపెట్టను. గొంతుకు ఏమైనా తీసుకుంటున్నారా, మోకాళ్లకు, నిద్రకు, ఇంట్లోవాళ్లు ప్రేమతో ఇచ్చిందేమైనా ఉందా అని అడుగుతాను. అప్పుడు జేబులు తెరుచుకుంటాయి. రక్తాన్ని పలచబరిచే గోళీ వాడుతూ ఆపరేషన్‌కు వచ్చిన ఒక తాత దిండు కింది నుంచి వెల్లుల్లి క్యాప్సూళ్ల డబ్బా తీసి, "ఇది మందు కాదు బిడ్డా, వంటింటి సరుకే" అన్నాడు. వెల్లుల్లి కూడా రక్తాన్ని పలచబరుస్తుంది కాబట్టి, ఆపరేషన్‌కు ముందే డాక్టరు దాన్ని ఆపించారు. ఆయన క్షేమంగా రాయికోడ్ బస్సెక్కాడు.

ఇది చదువుతున్న అమ్మా, అయ్యా, మీరు ఏ ఊరివాళ్లయినా సరే, ఒక్క నిమిషం నాతో కళ్లు మూసుకోండి. ప్రభువా, మా ఇళ్లలో గోళీలు మింగుతున్న ప్రతి ఒక్కరినీ నీ చేతిలో పెడుతున్నాం. డాక్టరు అడిగినప్పుడు ఏదీ దాచకుండా చెప్పే మనసు మాకివ్వు. అడిగేవాళ్లకు ఓపికనివ్వు. నీ మీది నమ్మకాన్ని, నీవిచ్చిన వైద్యాన్ని విడదీయకుండా మమ్మల్ని కాపాడు. మాతో కలిసి మీరూ ఆమేన్ అనండి.