పోచారం నీళ్ళమీద నా లెక్క నెగ్గిన రోజు

పని చెడితే దేవత కోపమంటారా, మనిషి చేసిన పొరపాటంటారా? తొందరపడి జవాబు చెప్పకండి. కుర్రతనంలో నేనూ ఇలాంటి ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పేవాణ్ణి. ఎల్లారెడ్డిలో మా గ్రంథాలయం అరుగుమీద నిలబడి, ఎవరూ అడగకపోయినా మూఢనమ్మకాలమీద ఉపన్యసించేవాణ్ణి. (విన్నవాళ్ళలో సగంమంది నీడకోసం వచ్చినవాళ్ళు.)

కామారెడ్డి స్టేషనులో గుమాస్తాగా ఉన్న మా బావ ఒకసారి పాత ఇంగ్లీషు పత్రిక తెచ్చాడు. రకరకాల తెరచాప పడవలకు ఒకే పందెం పెట్టే పద్ధతి అందులో ఉంది. నెమ్మదైనదాన్ని ముందు వదలాలి, వడిగలదాన్ని చివర వదలాలి. అప్పుడు పడవ గొప్పతనం కాక నడిపేవాడి నేర్పు గెలుస్తుంది. నాకు ఒళ్ళు పులకరించింది. సర్కారు పడవకూ కూలివాడి తెప్పకూ ఒకే న్యాయం! మా దగ్గరి పోచారం జలాశయంలో ఈ పందెం పెట్టి తీరాలనుకున్నాను. కాని అక్కడ చేపలు పట్టే పెద్దాయన (అందరికీ పుట్టి మామ) కట్టను కాచే దేవత కట్ట మైసమ్మకు కోడిని కొయ్యనిదే తన పుట్టిని, ఆ గుండ్రటి బుట్టపడవను, నీళ్ళలోకి దించనన్నాడు.

"కొయ్యకుంటే ఏమైతది మామా?"

"ఏమైతదా? మునుగుతరు, గంతే."

"మునగకపోతే?"

"ఇగ మళ్ల కోడి మాటెత్తను. మునిగితే మాత్రం కోడిని నువ్వే మోసుకరావాలె అల్లుడా. ఎల్లారెడ్డి బజార్లకెళ్లి, డప్పుతోటి!"

ఊరంతా విన్నది. ఇక నా ఉపన్యాసాలన్నీ ఆ నీళ్ళమీద తేలాలి, లేదా మునగాలి.

పందేనికి దొరికిన నాలుగింటినీ ముందే విడివిడిగా నడిపించి, బావ జేబుగడియారం చూసి, దేన్ని ఎప్పుడు వదలాలో లెక్క కట్టాను. పందెంనాడు కట్టంతా జనమే. తాటిదోనెకు మా బావ పెళ్ళినాటి పంచె తెరచాప. తెప్పకు ఎవరింటిదో జంపఖానా. పుట్టి మామ తన గొంగడి కట్టాడు. గాలి తగిలితే ఆ పుట్టి ముందుకు పోవడం మాని బొంగరంలా తిరిగేది, కనుక దాన్ని అందరికంటే ముందు వదిలాను. జలాశయం మంచిచెడ్డలు చూసే సర్కారు ఉద్యోగి దారోగాగారి చెక్క పడవ అన్నిటికన్నా చివర.

"క్యా మజాక్! సర్కారీ పడవ గా జంపఖానా ఎన్కనా?" అని ఆయన మండిపడ్డారు.

సగం దూరం దాటేసరికి నాలుగూ దగ్గరపడ్డాయి. గంతులు వేశాను. లెక్క సరైనదైతే అందరూ ఒక్కసారే చేరాలి కదా! చేరారు. కాని నేను గమ్యంగా ఎంచిన రేవు ఒక్క ఎడ్లబండి పట్టేటంత. (గాలి చూశాను, గడియారం చూశాను, ఒడ్డు చూడలేదు.) చెక్క పడవ దోనెను పొడిచింది, దోనె తెప్పమీదికెక్కింది, పుట్టి అన్నిటికీ ఒక ప్రదక్షిణం చేసి వాటిమీదే పడింది. మోకాటిలోతు నీళ్ళలో అందరూ మునిగి లేచారు, దారోగాగారు జంపఖానా కప్పుకొని.

"మైసమ్మ ఊకుంటదా మరి?" అన్నది కట్టమీదినుంచి ఒక అవ్వ.

"మైసమ్మ కాదు, నా లెక్క! అది సరిగా ఉంది గనుకే మునిగారు!" అని అరిచాను. ఎవరు నమ్ముతారు? తప్పుగా చేసి చెడగొట్టినవాణ్ణి నమ్ముతారు గాని, సరిగా చేసి చెడగొట్టినవాణ్ణి లోకం నమ్మదు.

మాట మాటే. చంకలో కోడితో బజారులో నడిచాను. ముందు డప్పు, వెనక చిరిగిన పంచెతో బావ. (కూర నేను ముట్టలేదు. నా వంతు కూడా బావే తిన్నాడు.) పుట్టి మామ పక్కకు వచ్చి గుసగుసగా అన్నాడు:

"అమ్మ వినకుంట చెప్తున్న అల్లుడా. సర్కారు పడవ పక్కపొంటి నా పుట్టి ఒడ్డుకొచ్చుడు నా జన్మల చూడలే. వచ్చే యేడు మళ్ల పెడుదమా?"

"కోడి లేకుండానా?"

"కోడి ఉంటది. రేవు గూడ జర వెడల్పు చేద్దం."

కోపంతో ఎర్రబడి, కోడి రెక్కల దెబ్బలు తింటూ నడిచిన ఆ కుర్రవాడు తలపుకొస్తే నవ్వొస్తుంది. వాడిమీద కొంచెం అసూయ కూడా. అంత నమ్మకంగా ఇప్పుడు దేనికి గంతులు వేయగలను?

మీ ఊళ్ళో పెద్దల పడవలూ కూలివాళ్ళ తెప్పలూ ఇంకా వేరువేరు రేవుల్లోనే ఉన్నాయా? ఒక్క పందెంలో దింపండి. దింపేముందు ఒడ్డు తవ్వి వెడల్పు చేయండి. పార మీరే పట్టండి!