నా నడుములోని బ్యాటరీ

నేను నందిగామలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇల్లు జగ్గయ్యపేటలో. రెండేళ్ల క్రితం గర్భసంచి ఆపరేషన్ అయ్యాక నాకు మూత్రం రావడం ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా అయ్యేది, ఎంతసేపు కూర్చున్నా చుక్క రాదు. సన్నటి గొట్టం పెట్టుకుని నా అంతట నేనే తీసుకోవడం ఆసుపత్రిలో నేర్పించారు. రోజుకి నాలుగుసార్లు. బడికి తీసుకెళ్లే సంచిలో లెక్కల పుస్తకం పక్కన గొట్టాల పొట్లం ఉండేది.

మా అత్తగారికి ఈ గొట్టాల వ్యవహారం నచ్చలేదు. నేను బాత్రూమ్‌లోకి వెళ్లగానే బయట కుళాయి తిప్పేవారు. "నీళ్ల చప్పుడు వింటే అదే వస్తదమ్మా" అనేవారు. రెండు బకెట్లు నిండేవి, నా పని మాత్రం అయ్యేది కాదు. తర్వాత బార్లీ నీళ్లు, సబ్జా నీళ్లు మొదలుపెట్టారు.

"అత్తయ్యా, లోపలికి పోవడానికి ఇబ్బంది లేదండి. బయటికి రావడానికే" అన్నాను.

మందులూ పనిచేయలేదు. చివరికి విజయవాడలో ఒక డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, "నరాలకీ మూత్రాశయానికీ మధ్య మాట సరిగ్గా అందట్లేదు. వెన్ను కింద ఉండే నరానికి కాస్త కరెంటు ఇచ్చి చూద్దాం. గుణం కనపడితే లోపల బ్యాటరీ పెడతాం, లేకపోతే తీగ తీసేస్తాం" అన్నారు.

"కరెంటు పోతే ఎట్లాగండి?" అని మా ఆయన అడిగారు.

"బ్యాటరీ అండి" అన్నారు ఆవిడ, నవ్వకుండా.

నన్ను బోర్లా పడుకోబెట్టి నడుము కింద సూదితో సన్నటి తీగ దూర్చారు. కరెంటు ఇవ్వగానే నా కాలి బొటనవేలు దానంతటదే కదిలింది. కంగారుగా ఆ మాట చెబితే, తనకి కావలసింది అదేనని, తీగ సరైన నరం దగ్గరికి చేరిందని అన్నారు డాక్టరమ్మ. తీగ రెండో కొసని ఒక చిన్న పెట్టెకి తగిలించి, దాన్ని నా నడుముకి కట్టారు. రెండు వారాలు పరీక్ష. వంగకూడదు, బరువులెత్తకూడదు, వచ్చిందంతా కొలిచి రాయాలి.

రెండు రోజులు ఇంట్లో ఉండి బడికి వెళ్లాను. స్టాఫ్‌రూమ్‌లో తెలుగు టీచరు నా నడుము వంక చూసి, "మైకు కొన్నావా? బాగా వినపడుతోందా?" అని అడిగింది. మా టీచర్లలో గొంతు పోయిన వాళ్లు పాఠం చెప్పడానికి నడుముకి కట్టుకునే మైకు అనుకుంది పాపం.

"ఇంకా పలకట్లేదు" అన్నాను.

నాలుగో రోజు రెండో పీరియడ్ అయ్యాక బడి బాత్రూమ్‌లో అది పలికింది. ముందు నేను నమ్మలేదు, కుళాయి కారుతోందేమో అనుకున్నాను. కొలత గిన్నె వంక చూసుకుని కాసేపు ఏడ్చాను. మొహం కడుక్కుని మా ఆయనకి ఫోన్ చేశాను.

"వచ్చిందండి."

"ఏంటి, ట్రాన్స్‌ఫరా?"

"కాదు. అదే వచ్చింది."

"ఎంత?" అన్నారు మెల్లగా.

"నూట ఎనభై ఎమ్మెల్."

తర్వాతి క్లాసులో భిన్నాల లెక్క బోర్డు మీద తప్పు చేశాను. పిల్లలు దిద్దారు. సాయంత్రం జగ్గయ్యపేటలో ఆటో దిగేసరికి ఎదురింటావిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. "నూట ఎనభై అంట కదమ్మా, సంతోషం" అంది. మా అత్తగారు వీధంతా చెప్పేశారు.

పరీక్ష పాసయ్యాను. పిరుదు పైభాగంలో చర్మం కింద బ్యాటరీ పెట్టి, కరెంటు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ చేతికి ఒక రిమోట్ ఇచ్చారు. మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "మీ మావయ్యకి కూడా ఒకటి పెట్టించమ్మా, చెప్పిన మాట వింటారేమో" అన్నారు. మావగారు టీవీ సౌండ్ పెంచారు.

గొట్టాలు పూర్తిగా మానలేదు. రోజుకొకసారి పెట్టి చూసుకుంటాను, మిగిలేది కొంచెమే. బస్సు స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరినప్పుడు ఒక్కోసారి లోపల జివ్వుమంటుంది. పక్క సీట్లో ఉన్నవాళ్లకి ఈ సంగతంతా చెప్పాలనిపిస్తుంది. ఇప్పటిదాకా ఇద్దరికి చెప్పాను కూడా.