మునిగిన ఊరి మన్ను

నా చిన్నప్పుడు, మా ఎల్లారెడ్డి తాలూకాలో మంజీర మీద కట్ట లేచి ఇంకా ఎంతో కాలం కాలేదు. నిజాంసాగర్ నిండాక ఏటి ఒడ్డు ఊళ్లు నీళ్లలోకి పోయాయి. ఆ ఊళ్లవాళ్లు కొందరు మెరక మీదున్న మా ఊరి చివర గుడిసెలు వేసుకున్నారు. మావాళ్లు వాళ్లను పేరు పెట్టి పిలిచింది తక్కువ. 'మునిగినోళ్లు' అనేవారు.

వాళ్లలో ఒక అవ్వ ఉండేది. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గగానే పొద్దున్నే గంప పట్టుకుని అటు పోయేది. వచ్చేటప్పుడు గంప మీద గుడ్డ కప్పి ఉండేది. ఏం తెస్తున్నావంటే పలికేది కాదు. ఆ ఏడు మా తమ్ముడికి జ్వరం వచ్చి దిగలేదు. అంతే, అమ్మకు ఆ గంప గుర్తొచ్చింది. ముసలిది బాణామతి చేస్తోంది, చేతబడి మన్ను తెస్తోంది అంది. ఆ మాట పట్టుకుని మగవాళ్లు అవ్వ పళ్లు పీకాలని తీర్మానించుకున్నారు. పళ్లు ఊడితే మంత్రం పలకదని అప్పటి నమ్మకం. నేనూ నమ్మాను.

మా తాత వాళ్లను ఒక్క రోజు ఆగమన్నాడు. గంపలో ఏముందో చూసొస్తానని నన్ను వెంట తీసుకుపోయాడు. నీళ్లు పోయి నెర్రెలు విచ్చిన నేల. దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు: ఏరు ఇక్కడ తిరిగేది, అది జొన్న చేను, ఇది జుక్కల్ దిక్కు బండ్ల బాట, మరాఠీ బేరగాళ్లు ఇక్కడే ఎడ్లు విప్పేవాళ్లు. నాకు ఎండిన బురద తప్ప ఏమీ కనిపించలేదు. తాత కూడా ఆమెతో కలిసిపోయాడేమోనని అనుమానపడ్డాను.

అవ్వ ఒక రాతి గడప పక్కన మన్ను తవ్వుతోంది. తాత అడిగితే తల ఎత్తకుండానే చెప్పింది.

"మనుమరాలి పెండ్లి, పటేలా. పెండ్లి పొయ్యిల సొంతూరి మన్ను కలపాలె. మా ఊరు గీడనే ఉన్నది, ఏంజెయ్యాలె?"

"అడిగినోళ్లకు చెప్పకపోతివి?"

"చెప్తే నవ్వుతరు. మునిగిన ఊరికి మన్నేంది అంటరు."

తాత రుమాలు విప్పి చుట్టబట్ట చేసుకుని గంప తన నెత్తికెత్తుకున్నాడు. గంప మీద కప్పిన గుడ్డ తీసి నా చేతికిచ్చాడు. నడి బజారులో ఆ మగవాళ్ల ముందే ఆగాడు.

"మన్ను నేను మోస్తున్న. పీకితే ముందుగాల నా పండ్లు పీకుర్రి."

ఆయన నోట్లో మిగిలినవి రెండే. ఎవడో నవ్వాడు. ఆ నవ్వుతో గుంపు చెదిరింది. గంప అవ్వ గుడిసె ముందు దించి, ఒక పిడికెడు అడిగి తెచ్చి మా పొయ్యికీ మెత్తాడు. జ్వరం దానంతట అది దిగింది. అమ్మ మాత్రం ఆ పొయ్యిని చాలా కాలం ఓరగానే చూసింది.

నేను అక్షరాలు నేర్చింది పిల్లల తల్లినయ్యాక. బడి గోడ మీద మా తాలూకా పటం చూశాను. మంజీర నీలం గీత, సాగరం నీలం మచ్చ. ఆ మచ్చలో ఒక్క ఊరి పేరూ లేదు. పటం అబద్ధం చెప్పదని చదువుకున్నవాళ్లు అంటారు. నేను నమ్మను. ఆ నీలం చూసినప్పుడల్లా ఆనాడు తాత నా చేతికిచ్చిన గంప గుడ్డే గుర్తొస్తుంది. ఇది ఎవరు కప్పారు, కింద ఎవరి గడప ఉంది అని అడగబుద్ధవుతుంది.